ఆదివారం టీటీ మ్యాచ్ మీద అరవై వేలు పెట్టనా, అక్కా?

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 27 ఏళ్లు. మాది నల్లగొండ జిల్లా, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను, జీతం 18 వేలు. స్కూల్లో, డిగ్రీలో టేబుల్ టెన్నిస్ (టీటీ) బాగా ఆడేవాణ్ని, యూనివర్సిటీ సెలక్షన్స్ దాకా పోయాను. పోయిన ఏడాది ఒక దోస్తు, ఎవరు గెలుస్తారో ఊహించి డబ్బు పెట్టే విదేశీ ప్రిడిక్షన్ మార్కెట్ యాప్ చూపించాడు. క్రికెట్ జోలికి పోలేదు. ఆడవాళ్ల టీటీ మ్యాచులే చూసుకుని పెట్టేవాణ్ని, ఎందుకంటే చూసేవాళ్లు తక్కువ కాబట్టి ధరలు తప్పుగా ఉంటాయి, నాకేమో ఆట తెలుసు. మొదట్లో 22 వేలు వచ్చాయి. ఇప్పుడు మొత్తం మీద లక్షా నలభై వేలు పోయాయి. అందులో 40 వేలు నావి, 50 వేలు చిట్టీ ఎత్తుకుని పెట్టాను, 30 వేలు ఆ దోస్తు దగ్గరే రెండు రూపాయల మిత్తికి తీసుకున్నా, 20 వేలు లోన్ యాప్. ఓడినప్పుడు కోపం ఆగక ఒకసారి ఒక ప్లేయర్ ఇన్‌స్టాలో ఏదో రాశాను కూడా, తర్వాత తీసేశాను. వచ్చే ఆదివారం పెద్ద టోర్నీలో చైనా అమ్మాయికీ జపాన్ అమ్మాయికీ మ్యాచ్ ఉంది, ఏడు గేములది. చైనా అమ్మాయి ధర 81 ఉంది, నా లెక్కలో ఆమె వందకు 90 సార్లు గెలుస్తుంది. మా బత్తాయి తోట గుత్తకిచ్చిన అడ్వాన్స్ 60 వేలు నాయన నా అకౌంట్లోనే వేయించాడు. అది పెడితే 14 వేలు మిగులుతాయి, లోన్ యాప్ బాధ చాలావరకు తీరుతుంది. పెట్టనా? ఇది జూదం కాదు, నాలెడ్జ్ కదా? కొత్త చట్టం కూడా ఆడేవాణ్ని ఏమీ అనదట కదా? ఒకవేళ వద్దంటే ఇంట్లో ఎట్లా చెప్పాలి?

సమాధానం:

వద్దు తమ్ముడూ. పెట్టకు. ఆదివారానికి ఎక్కువ టైమ్ లేదు కాబట్టి కారణాలన్నీ తర్వాత చెప్తా, ముందు ఇది చదవడం ఆపి ఆ 60 వేలు నాయన అకౌంట్‌కు పంపించు. ‘తోట ఖర్చులకు నీ దగ్గరే ఉండనీ నాయనా’ అని చెప్తే చాలు, అది అబద్ధం కూడా కాదు. గుత్త అడ్వాన్స్ అంటే ఏమిటో నీకు నేను చెప్పాల్సిన పని లేదు. కాయ ఇంకా చెట్టు మీదే ఉంది, రేపు వడగళ్లు పడినా, కాయ రాలినా, గుత్తదారు మాట మార్చినా అది వెనక్కి ఇవ్వాల్సిన పైస. మధ్యలో బోరు మోటారు కాలినా, మందు కొట్టాల్సి వచ్చినా మీ నాయన చూసేది ఆ డబ్బు వైపే. అది నీ అకౌంట్లో ఉంది గానీ నీది కాదు, ఆ సంగతి నీకూ తెలుసు కాబట్టే నాకు ఉత్తరం రాశావు.

పంపావా? సరే, ఇప్పుడు తాపీగా మాట్లాడుకుందాం.

నీకు ఆట తెలియదని నేను అనను. యూనివర్సిటీ సెలక్షన్స్ దాకా పోయినవాడికి ఎవరి సర్వీస్‌లో ఎంత సైడ్ స్పిన్ ఉందో, ఎవరు బ్యాక్‌హ్యాండ్ మూలకు ఇరుక్కుంటారో కనిపిస్తుంది. కానీ ప్రిడిక్షన్ మార్కెట్‌లో నువ్వు కొంటున్నది ఆట మీద నీ తెలివిని కాదు, ఒక ధరని. 81 సెంట్లు పెట్టి ‘గెలుస్తుంది’ అని కొంటే, గెలిస్తే డాలర్ వస్తుంది, ఓడితే సున్నా. అంటే వందలో 81 సార్లు ఆమె గెలిస్తే నీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. నువ్వు బాగుపడాలంటే ఆమె మంచి ప్లేయర్ అయితే సరిపోదు, మిగతా అందరూ అనుకుంటున్న దానికన్నా మంచి ప్లేయర్ అయి ఉండాలి. మీ తోటలో ఈసారి కాయ సైజు బాగుందని గుత్తదారుకు తెలియకుండా ఉంటుందా, ధర చెప్పేటప్పుడే అది కలిపి చెప్తాడు కదా. ఇక్కడా అంతే, చైనా అమ్మాయి ఫామ్, ఆమె ర్యాంకు, పాత మ్యాచుల్లో ఎవరు ఎవర్ని ఓడించారు, మోకాలి నొప్పి సంగతి, అన్నీ ఆ 81లో ముందే ఉన్నాయి.

నీ 90 నిజమైతే మాత్రం నువ్వు చెప్పేది సరైన లెక్కే. 60 వేలకు 14 వేలు, పదిలో తొమ్మిదిసార్లు వస్తే లాభమే. కాబట్టి అసలు ప్రశ్న, 81కీ 90కీ తేడా నువ్వు కంటితో పట్టగలవా అన్నది. దీని మీద కాసేపు కాగితం పెన్నూ పట్టుకుని కూర్చున్నా, నువ్వూ లెక్కలు రాసేవాడివే కాబట్టి నీకు అర్థమవుతుంది.

ఒక ప్లేయర్ ప్రతి పాయింట్‌నూ వందకు 55 చొప్పున గెలుస్తుందనుకో. 11 పాయింట్ల గేములో ఆమె గెలిచే అవకాశం సుమారు 68 శాతం అవుతుంది. ఐదు గేముల మ్యాచ్‌లో అది 80కి, ఏడు గేముల మ్యాచ్‌లో దాదాపు 85కి పోతుంది. చిన్న తేడా గేము గేముకూ పెరుగుతూ పోతుందన్నమాట. ఇప్పుడు అదే ప్లేయర్‌ను 55 బదులు 53 అనుకో. ఏడు గేముల మ్యాచ్‌లో 85 కాస్తా 73 చుట్టుపక్కలకు పడిపోతుంది. ఇంకో మాటలో చెప్పాలంటే మార్కెట్ చెప్తున్న 81కి పాయింట్ల లెక్కలో 54 పైచిలుకు, నువ్వు చెప్తున్న 90కి 56 పైచిలుకు. మీ ఇద్దరి మధ్య ఉన్న గొడవంతా వంద పాయింట్లలో రెండు పాయింట్లు. వందలో రెండు! బంతి నెట్‌కు తగిలి అటు పడిందా ఇటు పడిందా, బల్ల అంచుకు తాకి ఎడ్జ్ అయిందా, ఆ రెండు పాయింట్లు అక్కడే పోతాయి. ప్రపంచంలో ఏ కోచ్ అయినా వీడియో చూసి ‘ఈమె వందకు 56 గెలుస్తుంది, 54 కాదు’ అని చెప్పగలడని నేను నమ్మను. పాయింట్ పాయింట్‌కూ డేటా పెట్టుకుని ప్రోగ్రాములు రాసుకున్నవాళ్లు కాస్త దగ్గరికి రాగలరేమో. నీ 81కి ఎదురుగా 19 పెట్టి ‘గెలవదు’ అని కొంటున్నవాళ్లలో వాళ్లు ఉంటారు. నువ్వు అనుకుంటున్నట్టు ఆట తెలియని అమాయకుడెవడో అటు కూర్చుని లేడు.

చూసేవాళ్లు తక్కువ కాబట్టి ధర తప్పుగా ఉంటుందన్నావు. ఒక్కోసారి నిజమే కావచ్చు. కానీ చూసేవాళ్లు తక్కువంటే అమ్మేవాళ్లూ తక్కువే. స్క్రీన్ మీద 81 కనిపిస్తుంది గానీ ఆ ధరకు దొరికేది కొద్దిగా, నీ 60 వేలు లోపలికి పోయేసరికి 82, 83, 84 కూడా తినేసి ఉంటావు. సగటున 84కి కొన్నావనుకో, నీ 14 వేలు 11 వేలు అయింది, ఇంకా బంతి కూడా పడలేదు. మధ్యలో భయమేసి అమ్ముదామంటే కొనేవాడు 78 అంటాడు. రూపాయల్ని యూఎస్‌డీటీ అనే డాలర్ క్రిప్టోగా చేసుకునేటప్పుడు కాస్త ఎక్కువ ఇచ్చావు, తిరిగి రూపాయలు చేసుకునేటప్పుడు కాస్త తక్కువ తీసుకుంటావు. నీ లక్షా నలభై వేలలో ఎంత తప్పు అంచనాల వల్ల పోయింది, ఎంత ఈ కొనుగోలు అమ్మకాల తేడాల్లో పోయిందో ఒకసారి హిస్టరీ తీసి చూడు. రెండోది నువ్వు అనుకున్నదానికంటే పెద్దదిగా ఉంటుందని నా అనుమానం.

మొదట్లో వచ్చిన 22 వేలు లైవ్‌లో పెట్టినవేనా? ఫేవరెట్ మొదటి గేము పోగొట్టుకోగానే ధర పడుతుంది, అప్పుడు కొని, ఆమె తేరుకోగానే అమ్మడం. చాలామంది అక్కడే చిక్కుకుంటున్నారు, ఎందుకంటే అది తెలివిలాగా అనిపిస్తుంది. కానీ నువ్వు మిర్యాలగూడలో ఫోన్‌లో చూసే వీడియో హాల్లో జరిగినదానికి కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. టీటీలో ఒక ర్యాలీ ఎంతసేపు? మూడు నాలుగు సెకన్లు. 9-9 అని నువ్వు చూస్తున్నప్పటికి అక్కడ 10-9 అయిపోయి ఉండొచ్చు, హాల్లో కూర్చున్నవాడికో వేగంగా స్కోరు అందేవాడికో అది తెలుసు. నీకు మంచి ధర దొరికిందంటే, ఆ ధర ఇక మంచిది కాదని తెలిసినవాడు నీకు అమ్మాడని అర్థం. ఓడినప్పుడల్లా ‘ఛ, ఒక్క పాయింట్‌లో పోయింది’ అనుకుని ఉంటావు, అవునా? దురదృష్టం అనుకున్నవాటిలో కొన్ని అప్పటికే అయిపోయిన పాయింట్లు.

పైగా ఈ ఆటను తయారుచేసిందే అట్లా. 2001లో 21 పాయింట్ల గేమును 11కి కుదించారు, సర్వీస్ రెండేసి పాయింట్లకే మారుతుంది, 10-10 అయితే ఒక్కో పాయింట్‌కే మారుతుంది. రెండు తప్పులు వరుసగా చేస్తే గేము చేజారినట్టే. చూసేవాళ్లకు అది పండగ. 2024 ఫిబ్రవరిలో బుసాన్‌లో జరిగిన ప్రపంచ టీమ్ చాంపియన్‌షిప్ గుర్తుందా, నువ్వు చూసే ఉంటావు. 155వ ర్యాంకులో ఉన్న అయిహికా ముఖర్జీ ప్రపంచ నంబర్ వన్ సున్ యింగ్షాను 3-1తో ఓడించింది. అయిహికా బ్యాట్ మీద ఉన్న, స్పిన్‌ను చంపేసే రబ్బరుకు బంతి ఎట్లా వస్తుందో సున్ యింగ్షాకే అంతుపట్టలేదు. అదే పోరులో మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ రెండో ర్యాంకు వాంగ్ యిదిని మూడు వరుస గేముల్లో కొట్టింది. చివరికి చైనానే 3-2తో గెలిచింది, కానీ ఆ రెండు మ్యాచులు చూసి గర్వపడనివాళ్లు ఎవరు! ఆ రోజు ‘సున్ యింగ్షా ఓడదు’ అని పెట్టినవాడికి కూడా ఆట బాగా తెలిసే ఉంటుంది. అదే ఏడాది పారిస్ ఒలింపిక్స్ ఫైనల్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా దిగి ఆమె చెన్ మెంగ్ చేతిలో 4-2తో ఓడిపోయింది. మరుసటి ఏడాది దోహా ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో వాంగ్ మన్యు మీద ఏడో గేము దాకా పోయి గెలిచింది. ఇంత గొప్ప ప్లేయర్ విషయంలోనే ఇట్లా ఉంటుంది.

అయితే అండర్‌డాగ్ మీద పెడతానంటావేమో. వాళ్ల ధరలో కూడా ఇదంతా కలిసే ఉంటుంది తమ్ముడూ.

నువ్వు ఒక వాక్యంలో చెప్పి దాటేసిన విషయం ఒకటుంది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే. ఓడిన అమ్మాయి ఇన్‌స్టాలో ఏదో రాశానన్నావు. ఏం రాశావో నేను అడగను. 2024లో టెన్నిస్ ప్లేయర్లకు వచ్చిన ఆన్‌లైన్ తిట్లను టెన్నిస్ సంస్థలు డబ్ల్యూటీఏ, ఐటీఎఫ్ లెక్క తీస్తే అందులో దాదాపు 40 శాతం పందెం పోయిన కోపంతో రాసినవేనని తేలింది. ఆ అమ్మాయి నీ డబ్బు తీసుకోలేదు. నువ్వు పెట్టావని ఆమెకు తెలియదు. ఐదారేళ్ల వయసు నుంచి రోజూ గంటలు గంటలు బల్ల దగ్గర నిలబడి, ఆ రోజు ఓడి, హోటల్ రూముకు పోయి ఫోన్ తీస్తే ఎక్కడి నుంచో ఎవరెవరో రాసిన బూతులు. శ్రీజ పారిస్‌లో ప్రీక్వార్టర్స్‌లో సున్ యింగ్షాతో మొదటి రెండు గేములూ 10-12తో పోగొట్టుకుంది, మూడు నాలుగు కూడా పోయాయి. ఆ రోజు మనమంతా ‘ఎంత దగ్గరికి వచ్చింది మన అమ్మాయి’ అని మురిసిపోయాం. అదే రోజు ఆమె ఒక గేమైనా గెలుస్తుందని డబ్బు పెట్టి ఉంటే నీకు ఆమె మీద ఎట్లాంటి మాట వచ్చేదో ఆలోచించు. నువ్వు ఆట ఆడినవాడివి, ఆ బల్ల దగ్గర ఓడినవాడివి. నీ చేత ఆ రాత రాయించింది ఈ యాపే. దాన్ని తీసేశావు, మంచిపని చేశావు.

చట్టం గురించి అడిగావు. సగం నిజం విన్నావు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ప్రకటనలు చేసేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షల దాకా. ఆడేవాణ్ని బాధితుడిగానే చూస్తామని కేంద్రం చెప్పింది, అంతవరకు నువ్వు విన్నది సరే. కానీ మన రాష్ట్రంలో దానికి ముందే, 2017లోనే, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను తెచ్చి అందులో కలిపారు, నైపుణ్యం ఉన్న ఆట మీద డబ్బు పెట్టినా పందెమే అని రాశారు. ‘నాలెడ్జ్’ అన్న నీ మాట అక్కడ నిలవదు.

జైలు సంగతి పక్కన పెట్టు, నాకు ఎక్కువ భయం వేరే ఉంది. ఆ యాప్ నీ డబ్బు ఇవ్వనంటే ఎవరిని అడుగుతావు? ఇట్లాంటి ఒపీనియన్ ట్రేడింగ్ తమ పరిధిలోకి రాదని, ఇన్వెస్టర్లకు ఉండే రక్షణలేవీ ఇక్కడ వర్తించవని షేర్ మార్కెట్లను చూసే సెబీ 2025 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది. కోర్టుకు పోదామంటే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. అమెరికాలో ఇవి చట్టబద్ధమే కదా అని నీ దోస్తు చెప్పి ఉంటాడు. అక్కడ కూడా 2022లో పాలీమార్కెట్ అనే ప్రిడిక్షన్ మార్కెట్‌కు అక్కడి నియంత్రణ సంస్థ సీఎఫ్‌టీసీ 14 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అక్కడి నియమాలు ఎట్లా మారినా మనిషికీ మనిషికీ మధ్య నేరుగా జరిగే నీ పీటూపీ లావాదేవీకి అవి రక్షణగా నిలబడవు.

ఆ పీటూపీ గురించి నువ్వు రాయలేదు గానీ విదేశీ యాప్ అన్నావు కాబట్టి చెప్తున్నా, ఇది జాగ్రత్తగా చదువు. గెలిచిన యూఎస్‌డీటీ అమ్మినప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియనివాడు నీ అకౌంట్‌కు రూపాయలు వేస్తాడు. ఆ రూపాయలు ఎక్కడివి? సైబర్ మోసంలో ఎవరో ముసలాయన దగ్గర కొట్టేసినవి కావచ్చు. ఆయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే, పోలీసులు ఆ డబ్బు ఏ అకౌంట్ నుంచి ఏ అకౌంట్‌కు పోయిందో వరసగా పట్టుకుంటూ వస్తారు, దారిలో ఉన్న అకౌంట్లన్నీ ఆగిపోతాయి. నీ జీతం, చిట్టీ కిస్తీ, నాయన తోట డబ్బు అన్నీ ఒకే అకౌంట్‌లో ఉన్నాయి. ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసుల నుంచి ఆపమని మెయిల్ వచ్చిందని బ్యాంకు వాళ్లు చెప్తే, నువ్వు అక్కడికి పోయి ఏమని చెప్పుకుంటావు, టీటీ మీద పందెం కాశాను సార్ అనా? పందెంలో గెలిచినా నెత్తి మీదికి వచ్చే కష్టం ఇది. దీనికి తోడు క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, నష్టాన్ని అందులో తీసేసుకోనివ్వరు.

ఇప్పుడు అప్పు సంగతి. 40 వేలు నీవి, పోయాయి, వాటిని లెక్కలోంచి తీసేయ్. మళ్లీ సంపాదించాలని చూసేకొద్దీ అవే నిన్ను యాప్ దగ్గరికి లాగుతాయి. మిగిలింది లక్ష. ముందు లోన్ యాప్ 20 వేలు తీర్చాలి, వడ్డీలోనూ వేధింపులోనూ అదే ఘోరం, ఒకరోజు ఆలస్యమైతే నీ ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు పోతాయి. ఒకవేళ నాయన ఇస్తానంటే దానికి మాత్రమే తీసుకో. చిట్టీ కిస్తీ ఒక్క నెల కూడా తప్పకు, ఊళ్లో మాట పోతే మళ్లీ రాదు. దోస్తుకు ఇవ్వాల్సింది 30 వేలు, నెలకు 600 మిత్తి, ఏడాదికి నూటికి 24. ఆయనతో కూర్చుని మిత్తి తగ్గించమని, అసలు నెలనెలా ఇస్తానని అడుగు. నిన్ను ఇందులోకి దింపి, నీకే మిత్తికి ఇచ్చిన మనిషి ఆ మాత్రం వినాలి. వినకపోతే అతనితో స్నేహం ఎంతవరకో నువ్వే ఆలోచించుకో. 18 వేల జీతంలో ఆరు వేలు పక్కన పెట్టగలిగితే ఏడాదిన్నరలో బయటపడతావు. కష్టమే, కానీ దీనికి ఒక చివర ఉంది. యాప్‌లో పోగొట్టుకుంటూ తిరిగి రాబట్టుకునే లెక్కకు చివరంటూ లేదు.

యాప్ తీసేయడం ఒక్కటే చాలదు, మళ్లీ వేసుకోవడం రెండు నిమిషాల పని. అకౌంట్ మూసేయమని పెట్టు, మెయిల్ పాస్‌వర్డ్ మార్చి మీ అన్ననో చెల్లెనో ఉంటే వాళ్లకివ్వు, టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి బయటికి రా. ఇంకో మాట చెప్తే నీకు నచ్చదు. కొన్ని నెలలు టీటీ లైవ్ చూడకు. మరుసటి రోజు హైలైట్స్ చూసుకో. లైవ్ చూస్తున్నంతసేపు నీ కన్ను బంతి మీద ఉన్నా మనసు ధర మీదే ఉంటుంది, అది నీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. ఆడటం మాత్రం ఆపకు. ఆపేసి ఉంటే మళ్లీ బ్యాట్ పట్టుకో, నల్లగొండలోనో మిర్యాలగూడలోనో ఎక్కడ బల్ల ఉంటే అక్కడికి పో, చిన్నపిల్లలుంటే సర్వీస్ నేర్పు. చేయి వణుకుతున్నా, నిద్ర పట్టకపోయినా, ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే 14416కి ఫోన్ చెయ్, అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్, తెలుగులో మాట్లాడతారు, పైసా తీసుకోరు. సిగ్గుపడకు, రోజూ ఎంతోమంది చేస్తుంటారు.

ఇంట్లో ఎట్లా చెప్పాలన్నావు. శనివారం రాత్రిలోపే చెప్పు, మ్యాచ్ కాకముందే. మ్యాచ్ అయ్యాక నీకు చెప్పాలనిపించదు. గెలిచే అమ్మాయి ఎవరైనా, పెట్టకపోయినా, ‘పెట్టి ఉంటే’ అన్న మాట ఒకటి నీ బుర్రలో తిరుగుతుంది, అప్పుడు మళ్లీ వాయిదా వేస్తావు. ముందు అమ్మకు చెప్పి ఆమె చేత నాయనకు చెప్పించాలని చూడకు, ఆయనకు అది రెండు దెబ్బలు అవుతుంది. తోట దగ్గరో, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడో నువ్వే కూర్చోబెట్టు. ‘నాయనా, ఫోన్‌లో పందేలు కాసి లక్షా నలభై వేలు పోగొట్టిన, అందులో లక్ష అప్పు, నీ తోట పైసలు ముట్టలేదు, అవి నీ అకౌంట్‌కు పంపిన.’ ఇంతే. టీటీ, ప్రిడిక్షన్ మార్కెట్, సెంట్లు, ఇవేవీ ఆయనకు వివరించకు, వివరిస్తున్నకొద్దీ సమర్థించుకుంటున్నట్టు ఉంటుంది. ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసుకుని తీసుకుపో, చిట్టీ, దోస్తు, లోన్ యాప్, మూడూ రాయి. లోన్ యాప్ దాచాలని చాలామందికి అనిపిస్తుంది, ముందు బయటపడేది కూడా అదే. ఆయన తిడతాడు. తిట్టనీ. ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. ఆ తర్వాత ఆయనే అడుగుతాడు, నెలకు ఎంత కట్టాలిరా అని. అప్పుడు చెప్పడానికి నీ దగ్గర అంకె ఉండాలి, అందుకే ఆ ఆరు వేల లెక్క ముందే వేసుకుని పో.